కొయ్య మీద గొంగడి

అనగా అనగా అంటే నిన్న కాదు, మొన్న కాదు. గుట్ట మీద గడ్డి మనిషి నడుం దాకా లేచే కాలం. తోడేలు పట్టపగలే తిరిగే కాలం. ఊఁ కొట్టేవాళ్ళు ఊఁ కొట్టండి, నిద్ర వచ్చేవాళ్ళు పడుకోండి. కథ మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

బూదిగుట్ట కింద ఒక హట్టి ఉండేది. హట్టి అంటే గొర్రెలు కాచుకునేవాళ్ళ పల్లె. ఆ హట్టిలో ప్రతి ఇంటికీ ఒక మంద, ప్రతి మగవాడికీ ఒక గొంగడి. గొర్రెబొచ్చు వడికి నేసిన నల్ల కంబళి అది. గుట్ట మీద అదే వాళ్ళ ఇల్లు. వానొస్తే నెత్తిన ముసుగు, చలేస్తే కప్పు, ఎండకు నీడ, నిద్రకు పడక.

ఆ హట్టికి ఒక కట్టుబాటు ఉండేది. మందతో గుట్టకు పోయే మగవాడు తన గొంగడి తాను తీసుకోకూడదు. ఇంట్లో ఆడది దాన్ని గోడ కొయ్య మీద నుంచి దించాలి, దులపాలి, మడతపెట్టి అతని భుజాన వేయాలి. తల్లి వేయొచ్చు, పెండ్లాం వేయొచ్చు, చెల్లెలు వేయొచ్చు. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారంటే ఎవరికీ తెలీదు. ఎందుకు పెట్టారంటే అదీ తెలీదు. తెలియని వాటినే జనం గట్టిగా పట్టుకుంటారు.

హట్టి కొసన లింగవ్వ ఇల్లు. లింగవ్వ మొగుడు పోయిన మనిషి. ఆమెకు ఒకే కొడుకు మారెప్ప. మారెప్ప పెండ్లాం తిప్పక్క. నల్లగా, పొట్టిగా, అడిగితే గానీ మాట్లాడని పిల్ల. అందగత్తె అని ఎవరూ అనలేదు, పనిమంతురాలు అని మాత్రం అందరూ అన్నారు. ఆ రెండో మాటతో ఆడపిల్ల చేత ఎంత చాకిరీ చేయించుకోవచ్చో హట్టికి బాగా తెలుసు.

ఒకనాడు తిప్పక్క వాళ్ళన్న చెల్లెల్ని చూడటానికి వచ్చాడు. లింగవ్వ అతనికి నిన్నటి సంగటి పెట్టింది, పచ్చిమిరపకాయ కొరుక్కోమంది. తిప్పక్క గుండెలో ముల్లు గుచ్చుకుంది. అన్న పోయాక ఒక మాట అంది. లింగవ్వ రెండు మాటలంది. మేమంతా తిన్నది అదే సంగటి, మీ అన్న ఏమన్నా దొరనా అంది. తిప్పక్క మూడో మాట అనలేదు. నోరు మూసుకుంది. అత్త కూడా మూసుకుంది. ఆ రోజు నుంచి అత్తాకోడళ్ళకు మాటల్లేవు.

మాటల్లేవంటే మాటలే లేవని కాదు. లింగవ్వ చెప్పదలచుకున్నది పొయ్యికి చెప్పేది. "పొయ్యమ్మా, ఉప్పు ఎక్కువైతే ఎవరికి చెప్పుకోవాల?" అనేది. తిప్పక్క చెప్పదలచుకున్నది కోడికి చెప్పేది. "కోడమ్మా, తక్కువేస్తే తక్కువంటారు, ఎక్కువేస్తే ఎక్కువంటారు, నువ్వే వచ్చి వెయ్యి" అనేది. నడుమ మారెప్ప సంగటి మింగేవాడు. వాడికి పొయ్యి భాషా తెలుసు, కోడి భాషా తెలుసు. కానీ ఒక్కనాడైనా ఇద్దర్నీ కూర్చోబెట్టి ఇదేంది అని అడగలేదు.

కార్తీకం వచ్చింది. మందలు గుట్ట మీదికి పోయే పొద్దు వచ్చింది. పోతే కొన్నాళ్ళ దాకా దిగరు. మారెప్ప కర్ర పట్టుకున్నాడు, సంగటి మూట కట్టుకున్నాడు. వాకిట్లో నిలబడి ఎవరి పేరూ పెట్టకుండా "గొంగడి" అన్నాడు.

లింగవ్వ రాగులు విసురుతా ఉంది. పెండ్లాం ఉండగా నేనెందుకు లేవాలి అనుకుంది. తిప్పక్క గోడ అలుకుతా ఉంది. మొన్న మందకు పోయేటప్పుడు గొంగడి చేతిలోంచి గుంజుకుని, నా కొడుకు భుజం నాకు తెలుసు అన్నది ఆమే గదా, ఆమే వేసుకోనీ అనుకుంది.

"గొంగడి" అన్నాడు మారెప్ప రెండోసారి.

రాగులు విసురుతానే ఉంది లింగవ్వ. గోడ అలుకుతానే ఉంది తిప్పక్క.

"గొంగడి" అన్నాడు మూడోసారి.

ఎవరూ లేవలేదు. మారెప్ప గడప మీద ఒక తన్ను తన్ని మంద తోలుకుని పోయాడు.

గొంగడి కొయ్య మీదే ఉంది.

తర్వాత ముసురు పట్టింది. గుట్ట కనపడకుండా పోయింది. తిప్పక్క చేతులు ఆగలేదు. లేచి గొంగడి దించింది, మడతపెట్టింది, చంకన పెట్టుకుని గడప దాకా వచ్చింది. అప్పుడు లింగవ్వ పొయ్యి ముందు కూర్చుని అంది. "పొయ్యమ్మా, కొందరికి ఇప్పుడు గుర్తొచ్చింది చూడు."

అంతే. ఆ ఒక్క మాటకు తిప్పక్క వెనక్కి తిరిగింది. గొంగడి మళ్ళీ కొయ్యకు తగిలించింది. ఆ పూట గడిచింది. మర్నాడు లింగవ్వ కూడా గొంగడి వైపు చూసింది. తీసుకుపోతే ఓడిపోయినట్టే అనుకుంది. ఎవరితోనైనా పంపితేనో అనుకుంది. కోడలే పంపుతుందిలే అనుకుంది.

గొంగడి కొయ్య మీదే ఉంది.

ముసురు విడిచినాక మారెప్పను కిందికి మోసుకొచ్చారు. తోటి గొర్రెలకాపరి సుంకన్న గొంగట్లో చుట్టి తెచ్చారు. చలిజ్వరం. ఒళ్ళు కాలిపోతా ఉంది, పండ్లు కటకటమంటా ఉన్నాయి. లింగవ్వ తల దగ్గర కూర్చుంది. తిప్పక్క కాళ్ళ దగ్గర కూర్చుంది. ఇద్దరి మధ్యా మారెప్ప పోయాడు.

ఆ ఇంట్లో ఏడుపు కూడా రెండు మూలల నుంచి వచ్చింది.

ఇంక మొదలైంది అసలు గొడవ. గొంగడి వేయక మనిషి చచ్చిపోవడం హట్టిలో ఎప్పుడూ జరగలేదు. హట్టి పెద్ద నింగప్ప, మిగిలిన పెద్దమనుషులు బొచ్చు కత్తిరించే బండ మీద కూర్చున్నారు. తప్పు ఎవరిదో తేలాలి అన్నారు. తేలేదాకా మారెప్పను పెద్దల్లో కలపనియ్యం, వాని పేరు మీద ముద్ద పెట్టనియ్యం అన్నారు. తప్పు చేసినామె ఒప్పుకుని హట్టి దాటిపోవాలి, ఇల్లూ మందా మిగిలినామెకు అన్నారు.

మొదటిసారి కూర్చున్నప్పుడు ఇద్దర్నీ అడిగారు. లింగవ్వ కోడల్ని చూపించింది. తిప్పక్క అత్తను చూపించింది. సుంకన్న లేచి ఒక సంగతి చెప్పబోయాడు. "నా గొంగట్లోకి రాప్పా, ఇద్దరం పండుకుందాం అని పిలిస్తి. వాడు రాలేదు. మా ఇంట్లో ఇద్దరు ఆడోళ్ళుండారు, ఎవరో ఒకరు తెస్తారులే అన్నాడు."

పెద్దమనుషులు చెయ్యి అడ్డం పెట్టారు. పోయినోని మాట ఎత్తగూడదు, కూర్చో అన్నారు. సుంకన్న కూర్చున్నాడు. చూడండి, పంచాయితీలో పనికొచ్చే మాట ఒక్కటే వచ్చింది, దాన్ని కూర్చోబెట్టేశారు.

రెండోసారి కూర్చున్నప్పుడూ అంతే. ఆమె ఈమెను, ఈమె ఆమెను. పెద్దమనుషులు ముక్కుపొడుం పీల్చి, అమావాస్య పోయినాక చూద్దాం అని లేచారు.

తిప్పక్క మాత్రం రోజూ అదే లెక్క తిప్పుకునేది. ఆ పొద్దు లేచి ఉంటే? గడప దాకా వచ్చి తిరక్కుండా ఉంటే? అత్త ఆ మాట అనకుండా ఉంటే? ఏ పక్క నుంచి మొదలుపెట్టినా గొంగడి కొయ్య దగ్గరికే వచ్చి ఆగేది. తప్పు ఒప్పుకుంటే మారెప్పను చంపింది తానే అని ఊరంతా అంటుంది. ఒప్పుకోకపోతే మారెప్ప ఆకలితో గాలిలో తిరుగుతాడు. ఇదీ ఆమె మెడ మీది కత్తి.

మంద ఊరుకోదు గదా. మగదిక్కు లేకపోయినా గొర్రెలు ఈనతాయి. ఒక పొద్దున దొడ్లో ఒక గొర్రె చచ్చిన పిల్లను ఈనింది. ఇంకో గొర్రె పిల్లను ఈని తాను చచ్చింది. ఇటు బిడ్డ లేని తల్లి, అటు తల్లి లేని బిడ్డ. తిప్పక్క ఆ పిల్లను ఎత్తుకుపోయి గొర్రె పొదుగు కింద పెట్టింది. గొర్రె వాసన చూసి ఒక్క తన్ను తన్నింది. పిల్ల ఎగిరి పడింది.

లింగవ్వ దొడ్డి గోడ మీద నుంచి చూస్తా ఉంది. దొడ్లోకి వచ్చింది. కత్తి తీసుకుని చచ్చిన పిల్ల చర్మం ఒలిచింది. బతికిన పిల్లకు ఆ చర్మం అంగీలాగా తొడిగి, పురితాడుతో కట్టింది. తల్లి గొర్రెకు కన్ను కన్నా ముక్కే ఎక్కువ. తన బిడ్డ వాసన వస్తే పాలు కుడిపిస్తుంది. నాలుగు రోజులు కుడిపిస్తే తన పాల వాసనే పిల్లకు పడుతుంది. అప్పుడు చర్మం విప్పేసినా ఏమీ అనదు. ఇది గొర్రెలోళ్ళ పాత పని. కానీ ఒక్కరి వల్ల అయ్యేది కాదు. ఒకరు గొర్రెను పట్టుకోవాలి, ఒకరు పిల్లను అందించాలి.

తిప్పక్క గొర్రె మెడ పట్టుకుంది. లింగవ్వ కోడలితో మాట్లాడదు గదా, గొర్రెతో మాట్లాడింది.

"గొర్రెమ్మా, నిన్ను పట్టుకున్నోళ్ళు మోకాలు అడ్డం పెడితే బాగుండు."

తిప్పక్క మోకాలు అడ్డం పెట్టింది.

గొర్రె వాసన చూసి తల తిప్పుకుంది. రెండోసారి వాసన చూసి కాలు ఎత్తింది గానీ తన్నలేదు. మూడోసారి చాలాసేపు వాసన చూసింది. చర్మం నాకింది. పొదుగు చేపింది. పిల్ల తోక ఆడిస్తా తాగింది.

లింగవ్వ నెత్తురు చేతులు గడ్డికి తుడుచుకుంది. గొర్రె మొహంలోకి చూస్తా నిదానంగా అంది.

"ఇది నీ బిడ్డ కాదని నీకు తెలుసే. తెలిసీ కుడిపిస్తాండావు."

అని లేచి పోయింది. ఆ మాట గొర్రెకు చెప్పిందో, తనకు చెప్పుకుందో తిప్పక్కకు తెలియలేదు. కానీ ముసలామె నడక చూసింది. మారెప్ప పోయినాక నడుం ఎంత వంగిపోయిందో ఆ రోజే చూసింది. ఈమె హట్టి దాటితే ఎక్కడికి పోతుంది? పుట్టింటి పేరు చెప్పుకోవడానికి కూడా ఎవరూ మిగల్లేదు. నాకు అన్న ఇల్లన్నా ఉంది. అక్కడా సంగటి నిన్నటిదే దొరకొచ్చు, అయినా దొరుకుతుంది.

మూడోసారి బండ మీద కూర్చున్నారు. హట్టి అంతా వచ్చింది. ఆడవాళ్ళు వెనక, మగవాళ్ళు ముందు, పెద్దమనుషులు ఎత్తు మీద. నింగప్ప ఇంకా అడగకముందే తిప్పక్క లేచింది.

"తప్పు నాది. గొంగడి నేను వెయ్యలేదు. పొద్దున్నే పోతాను. ఆయన్ని పెద్దల్లో కలపండి."

జనం హమ్మయ్య అనుకున్నారు. తప్పు ఒకరి మీద పడితే మిగిలినవాళ్ళకు ఎంత హాయిగా ఉంటుందో! నింగప్ప తల ఊపాడు. మిగిలిన పెద్దమనుషులు తల ఊపారు. ఇంక లింగవ్వ కూడా ఒక్కసారి తల ఊపితే తీర్పు అయిపోయినట్టే. ఇన్నాళ్ళూ ఆమె అడిగింది ఇదే గదా.

"ఏం లింగవ్వా, విన్నావు గదా. ఊపు" అన్నాడు నింగప్ప.

లింగవ్వ తల ఊపలేదు. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది.

"అది వెయ్యలేదు. నిజమే. నేనూ వెయ్యలేదు. అదీ నిజమే" అంది. "మరి వానికీ చేతులుండె గదప్పా."

ఎవరి చంటిబిడ్డో ఏడిస్తే నోరు మూశారు.

"పోయినోన్ని అట్లా అనగూడదు లింగవ్వా" అన్నాడు నింగప్ప.

"ఆ చేతులు నా కడుపులో పెరిగినయ్యి. నేను అనకపోతే ఎవరంటారు? కొయ్య వాని తలకన్నా ఎత్తులో లేదు. మూడుమాట్లు అరిచినాడు, ఒక్కమాటు చెయ్యి చాపలేదు. సుంకన్న పిలిచినా పోలేదు. మొండోడు. నేనే చేసినాను మొండోన్ని, చిన్నప్పటినుంచీ అన్నీ భుజాన వేసి."

అప్పుడు తిప్పక్క ఏడ్చింది. మారెప్ప పోయిన నాటి నుంచీ లోపల ఆ మాటే తిరుగుతా ఉంది. ఆయన మీద కోపం. చచ్చిపోయినవాడి మీద కోపం వస్తే ఆడది ఎక్కడ పెట్టుకోవాలి? ఎవరికి చెప్పుకోవాలి? కోడికి కూడా చెప్పలేదు ఆమె. ఆ మాట ఇప్పుడు వాణ్ణి కన్న తల్లి నోట వచ్చింది.

లింగవ్వ జనంలోంచి నడిచి వచ్చింది. పొయ్యికి కాదు, గొర్రెకు కాదు, నేరుగా కోడలికే చెప్పింది.

"ఇంటికి రాయే తిప్పీ. గొర్రెపిల్లలకు పాలు కుడిపించే పొద్దయింది."

పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరు ఆడవాళ్ళలో ఒకరిది తప్పు అని తేల్చడానికి వచ్చినవాళ్ళు వాళ్ళు. మూడో మనిషి పేరు వస్తే ఏం చేయాలో వాళ్ళకు తెలీదు. ముక్కుపొడుం పీల్చారు, అమావాస్య పోయినాక చూద్దాం అన్నారు. ఎన్ని అమావాస్యలు పోయాయో, ఆ తీర్పు ఇంకా రాలేదు.

అత్తాకోడళ్ళు ఆగలేదు. ఇద్దరూ కలిసి సంగటి వండారు. ఒకరు కుండ పట్టుకుంటే ఒకరు గెలికారు. మారెప్ప పేరు మీద ముద్ద పెట్టారు. కాకి వచ్చి తినిపోయింది. కాకికి తీర్పుతో పనేముంది?

ఆ తర్వాత వాళ్ళిద్దరూ తల్లీకూతుళ్ళలాగా బతికారని చెబితే అది అబద్ధం. ఉప్పు దగ్గర కొట్లాడారు, కట్టెల దగ్గర కొట్లాడారు, మేకను అమ్మాలా వద్దా అని ఒక వానాకాలమంతా కొట్లాడారు. కానీ మొహం చూసుకుని కొట్లాడారు. మందను తిప్పక్కే తోలింది. గొంగడి తానే దించుకుని, తన భుజాన తానే వేసుకుని పోయింది. ఆడది మందకు పోవడమేంది అన్నవాళ్ళు అన్నారు. గొర్రెలు మాత్రం ఏమీ అనలేదు.

లింగవ్వ ముసలితనంతో పోయింది. తిప్పక్క గుండెలు బాదుకుని ఏడ్చింది. మొగునికి కూడా ఇంతగా ఏడవలేదే అని అమ్మలక్కలు గుసగుసలాడారు. తిప్పక్క వినింది. "ఆయనతో కొట్లాడే సందే దొరకలేదు" అంది. అంతే అంది.

తిప్పక్క కూడా ముసలిదైంది. మందకు పోలేక ఇంటి ముందర రాయి మీద కూర్చునేది. హట్టి మందలన్నీ ఆమె ముందు నుంచే గుట్టకు పోవాలి. పోయే ప్రతి మగవాణ్ణీ ఆమె ఒక మాట అడిగేది.

"గొంగడి తీసుకున్నావా?"

మొదట్లో నవ్వారు. ముసలిదానికి ఆ పిచ్చి పోలేదన్నారు. ఒకసారి కొత్తగా పెండ్లయిన ఓబులేసు అనే కుర్రవాడు మొహం మాడ్చుకుని ఒట్టి భుజంతో వచ్చాడు.

"గొంగడి తీసుకున్నావా?" అంది తిప్పక్క.

"మా ఇంట్లోది ఇయ్యలేదు" అన్నాడు.

"నేను అడిగింది అది కాదబ్బీ. నువ్వు తీసుకున్నావా?"

"ఇయ్యందే ఎట్ల తీసుకుంటా అవ్వా? కట్టుబాటు గదా."

తిప్పక్క లేచి అతని రెండు చేతులూ పట్టుకుంది. ఇటు తిప్పి, అటు తిప్పి చూసింది. "బాగానే ఉండాయి గదా" అంది. ఓబులేసు మొహం కందగడ్డ అయింది. ఆమె మందకు కాపలా కూర్చుంది, అతను ఇంటికి పోయి గొంగడి దించుకుని వచ్చాడు. ఆ రోజు గుట్ట మీద గాలి ఎట్లా కొట్టిందంటే, పైనుంచి దిగినాక మొదట ఆమె దగ్గరికే వచ్చాడు.

ఆ మాట ఇండ్లల్లోకి పోయింది. కోడళ్ళు మొగుళ్ళ చేతులు తిప్పి చూడటం మొదలుపెట్టారు. మగవాళ్ళు సణిగారు. కొందరు ఆడవాళ్ళకూ నచ్చలేదు. నలుగురిలో మొగుని భుజం తాకే సందు అదొక్కటే, అది కూడా తీసేస్తివా అవ్వా అన్నారు. తిప్పక్క నవ్వింది. "వాడు వేసుకున్నాక మడత సరిచెయ్యండి. ఎవరు వద్దన్నారు?" అంది. అట్లా ఒక్కొక్క ఇంట్లోనే కట్టుబాటు తిరగబడింది. పెద్దమనుషులకు తెలిసేసరికి వాళ్ళ గొంగళ్ళు కూడా వాళ్ళే దించుకుంటున్నారు.

ఒకనాటి సాయంత్రం తిప్పక్క రాయి మీద కూర్చునే పోయింది. గుట్ట దిగే మందల దుమ్ము ఇంకా అణగలేదు. హట్టి అంతా కలిసి ఆమెను మట్టిలో పెట్టారు. ఎవరి తప్పూ ఎవరూ వెతకలేదు.

మర్నాడు పొద్దున మందలు కదిలాయి. అందరికన్నా ముందు ఓబులేసు. అతనికీ గడ్డం నెరిసింది అప్పటికి. ఖాళీ రాయి దగ్గరికి వచ్చాడు. కాలు ముందుకు పడలేదు. వెనక మందలన్నీ ఆగాయి, గొర్రెలు ఒకదాని మీద ఒకటి పడి అరిచాయి. అడిగేవాళ్ళు లేరు. ఓబులేసు భుజం మీద గొంగడి సర్దుకుని, రాయి వైపు చూసి, మామూలుగా చెప్పినట్టే చెప్పాడు.

"తీసుకున్నా తిప్పక్కా."

వెనకవాడు చెప్పాడు. వాని వెనకవాడు చెప్పాడు. అందరూ చెప్పి గుట్టెక్కారు.

ఇప్పటికీ ఆ పక్క హట్టిల్లో అంతే. మందకు పోయేవాడు తన గొంగడి తానే దించుకుంటాడు, గడప దాటుతా "తీసుకున్నా తిప్పక్కా" అంటాడు. గొర్రెలు అమ్మేసి బస్సెక్కి పనికి పోయే కుర్రవాళ్ళు కూడా సంచి భుజాన వేసుకుని అంటారు. తిప్పక్క ఎవరో వాళ్ళలో సగం మందికి తెలీదు. అలిగి, ఆ మాట అనకుండా పోయేవాణ్ణి మాత్రం ఇంట్లో ఆడవాళ్ళు పోనియ్యరు. ఎంత కొట్లాట జరిగినా, ఎంత కోపం ఉన్నా వాకిట్లోకి పరిగెత్తి వెనక్కి పిలుస్తారు.

పిలుస్తారు. అందియ్యరు. వాడు తీసుకునేదాకా అక్కడే నిలబడి ఉంటారు.